ఎముకలతిప్ప

పోయిన ఎండాకాలం మా తమ్ముడి మనవరాలు నన్ను గండికోట చూపిస్తానని కారులో తీసుకుపోయింది. కడప జిల్లాలో పుట్టి ఇంతకాలం బతికి గండికోట చూడలేదంటే నవ్వుతారు జేజీ, అని దాని వాదన. చూశాను. లోయ అంచున నిలబడి అందరూ ఫోటోలు తీసుకుంటుంటే నాకు కళ్లు తిరిగి గోడ నీడలో కూర్చున్నాను. తిరుగుదారిలో జమ్మలమడుగు దాటి ప్రొద్దుటూరు రోడ్డు ఎక్కాక పక్కన పెన్న కనిపించింది. నీళ్లు లేవు, అక్కడక్కడా పాయలు మెరుస్తున్నాయి, మిగతాదంతా ఇసుకా తుమ్మచెట్లూ. కారు ఆపమన్నాను. ఇక్కడేముంది అంది పిల్ల. ఇక్కడ నేను కాపురం చేశాను అన్నాను. అది నమ్మలేదు, కానీ కారు ఆపింది.

ఏటి మధ్యలో ఒక తిప్ప ఉంది. గులకరాళ్ల దిబ్బ, వరద వచ్చినప్పుడు నాలుగు వైపులా నీళ్లు తిరిగి దీవి అయిపోతుంది. దానికి కాగితాల్లో ఏ పేరుందో తెలియదు, జనం మాత్రం ఎముకలతిప్ప అంటారు. పిల్ల చెయ్యి పట్టుకుని ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ అంతదూరం పోయాను. ఇటుకల పొగగొట్టం సగానికి విరిగి నిలబడి ఉంది. కొవ్వు కాచిన ఇనుప గంగాళం బోర్లాపడి ఉంటే దాని నీడలో ఎవరివో మేకలు పడుకుని నెమరేస్తున్నాయి. ఇంజను చక్రం ఇసుకలో సగం దాకా కూరుకుపోయింది. షెడ్డు రేకులు ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయారు. పిల్ల అటూ ఇటూ తిరిగి ఫోటోలు తీసి, "భలే ఉంది జేజీ, సినిమా తీయొచ్చు" అంది. వంగి గులకరాళ్లలోంచి తెల్లటి ముక్క ఒకటి తీసి, ఇదేం రాయి అని అడిగింది. అది రాయి కాదని చెప్పాను. చెప్పగానే విసిరేసి చేతులు తుడుచుకుంది. దాని తప్పేమీ లేదు. నేను మాత్రం కారెక్కాక కూడా ఆ ముక్క పడిన చోటే చూస్తూ కూర్చున్నాను.

మాది దూదేకులవాళ్ల ఇల్లు. పులివెందులలో మా నాయన ఇంటింటికీ పోయి పాత పరుపుల దూది ఏకేవాడు. ఆయన విల్లు మోగితే వీధి చివర్నుంచి తెలిసేది. నన్ను ఈ పెన్న ఒడ్డు ఊరికి ఇచ్చినప్పుడు, అబ్బాయి ప్రొద్దుటూరు జిన్నింగు మిల్లులో పని, మామ ఇంజను డ్రైవరు అని చెప్పారు. ఇంజను అనగానే మా వాళ్లు రైలింజను అనుకుని పొంగిపోయారు. పెళ్లయి వచ్చాక కదా తెలిసింది, అది ఎముకల మిల్లులో ఇంజనని. మా నాయన ఆ మాట విని, "ఇంజను ఇంజనే గదమ్మా" అన్నాడు. నేను కూడా పుట్టింటికి పోయినప్పుడు ఎవరైనా అడిగితే ఇంజను దగ్గరే ఆగిపోయేదాన్ని. ఎముకల మాట నా నోట వచ్చేది కాదు.

ప్రొద్దుటూరు సావుకారు ఒకాయన ఊరికి వాసన తగలకూడదని ఆ మిల్లును ఏటి నడుమ పెట్టించాడు. చచ్చిన గొడ్ల ఎముకలు ఊరూరా ఏరి బండ్ల మీద తెచ్చి తిప్ప మీద గుట్టలు పోసేవాళ్లు. ముందు కొమ్ములు, గిట్టలు వేరుచేసి ఒక పక్కకు వేస్తారు, అవి దువ్వెనలకూ గుండీలకూ పోతాయి. మిగతావి గంగాళంలో ఉడకబెట్టి కొవ్వు తీస్తారు, అది సబ్బులకు. ఉడికిన ఎముకలు ఎండలో ఆరబోసి, ఆరినవాటిని మిషన్లో వేసి పొడిచేసి, సంచులకెత్తి ఎర్రగుంట్ల స్టేషన్లో రైలెక్కించేవాళ్లు. యాడికి పోతాదో మాకు తెలియదు, ఏ సీమలోనో తోటలకు ఎరువంట అనేవాళ్లు. మన రైతులైతే ఆ పొడిని ముట్టేవాళ్లు కాదు. మనకు దున్నిపెట్టినదాన్ని దంచి మన చేలోనే చల్లుకుంటామా అనేవాళ్లు.

మా మామ పేరు హుసేనప్ప. పొడుగాటి మనిషి, మాట తక్కువ. పని దిగి రాగానే నేరుగా ఇంటికి వచ్చేవాడు కాదు. ఇసుకలో చెలమ తవ్వుకుని, సీకాయ పెట్టి, పిడికెడు ఇసుక తీసుకుని ఒళ్లంతా తోముకునేవాడు. మిల్లు బట్టలు తుమ్మకొమ్మకు తగిలించి, అత్త విసిరేసిన తుండు కట్టుకుని, గడప దగ్గర ఆమె పట్టిన సాంబ్రాణి పొగలో కాసేపు నిలబడి అప్పుడు లోపలికి వచ్చేవాడు. వచ్చినా వాసన ఉండేది. అది మంచం నవ్వారులో ఉండేది, నీళ్ల కడవలో ఉండేది, కొత్త చీర మడతలో కూడా ఉండేది. నేను వచ్చిన కొత్తలో ముక్కు మూసుకుంటే అత్త పీరమ్మ చూసి, "రెండు నెల్లు ఓర్చుకో మే. ఆ పైన నీ ముక్కే పనిజేయదు" అంది. ఆమె చెప్పినట్టే జరిగింది. పాత రోజులు బంగారం అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే. వాళ్లకు మల్లెపూల వాసన గుర్తొస్తుంది, నాకు ఇది గుర్తొస్తుంది.

నేను కాపురానికి వచ్చిన ఏడే కరువు. వాన చుక్క లేదు, బావులు ఎండిపోయాయి, సర్కారువాళ్లు గంజి కేంద్రాలు పెట్టారు. గడ్డి లేక గొడ్లు నిలబడిన చోటే కూలిపోయేవి. అన్ని ఊళ్లలో పొయ్యిలు ఆరిపోతుంటే మా తిప్ప మీద పొగగొట్టం పగలంతా పొగ వదిలేది. బండ్లు ఇసుకలో వరుసకట్టి నిలబడేవి. మామకు పని ఎక్కువ, మా ఇంట్లో తిండికి లోటు లేదు. అందరి గొడ్లూ చస్తేనే మా ఇంట్లో పప్పు ఉడికేది. అత్త ఆ కరువంతా పప్పులో తిరగవాత పెట్టలేదు. నూనె లేక కాదు. చుయ్యిమన్న చప్పుడు, ఆ ఎండుమిరపకాయ వాసన గోడ దాటి పక్కింటికి పోతుందని. పక్కింట్లో పిల్లలు గంజికి ముంతలు పట్టుకుని పోతుండేవాళ్లు. చప్పటి పప్పు ముద్దలు మింగుతూ మేం తలలెత్తేవాళ్లం కాదు. దానివల్ల ఆ పిల్లల కడుపులేమీ నిండలేదు. అత్తకూ ఆ సంగతి తెలుసు, అయినా పెట్టలేదు.

తర్వాత వానలు పడ్డాయి. గొడ్లు బతికాయి, ఎముకలు రావడం తగ్గిపోయింది. సావుకారు మనుషులు ఎముకలు ఏరేవాళ్ల మీద ఒత్తిడి పెట్టడం మొదలుపెట్టారు, బండి నింపకపోతే బాడుగ లేదని. అప్పుడు వాళ్లలో కొందరు ఒక కాని పని చేశారు. మా పక్క రైతులు ఇంట్లో పుట్టి పెరిగి, చేలో పనిచేసి ముసలిదైన ఎద్దును ఎవరికీ ఇచ్చేవాళ్లు కాదు. పసుపునీళ్లు పోసి, కొత్త గుడ్డ కప్పి, కొమ్ముల కొనలకు తొడిగిన ఇత్తడి కుప్పెలు కూడా తీయకుండా సొంత చేలోనే పూడ్చేవాళ్లు. బండి నింపడానికి వీళ్లు అలాంటి గుంతలు తవ్వారు.

చాపాడు పక్క ఓబులయ్య అని ఒక రైతు ఉండేవాడు. కాలవ కింద చేను, బావి మీద ఆయిలింజను. అది మొరాయించినప్పుడల్లా మామే పోయి బాగుచేసి వచ్చేవాడు, అట్లా ఇద్దరికీ స్నేహం. ఆయనకు పుల్లోడు అని ఒక ఎర్రెద్దు ఉండేది. కరువులో సొంతిల్లు వాసాల మీద కప్పిన బోదగడ్డి పీకి దానికి మేపాడని చెప్పుకునేవాళ్లు. కరువు దాటించాడు కానీ, ఆ పై ఏడు అది ముసలితనంతో పోయింది. చేలో పూడ్చి రాయి నాటాడు.

ఆ తర్వాత రెండేళ్లకు ఒకరోజు నేను మామకు సద్ది తీసుకుని ఏటికి పోయేసరికి ఓబులయ్య పాయ ఇవతల ఇసుకలో నిలబడి ఉన్నాడు. తిప్ప మీద కాలు పెట్టడానికి మనసొప్పలేదు ఆయనకు. మామను కేకేసి పిలిచాడు. ఆయన పంచె మోకాళ్ల దాకా మట్టి కొట్టుకుపోయి ఉంది.

"ఉసేనప్పా, నా ఎద్దును ఎత్తకొచ్చినారప్పా ఎవురో. పొద్దున చేన్లోకి పోతే గుంత నోరు తెరుసుకోని ఉండాది. బండి గాడి పట్టుకోని వచ్చినా, ఈడికే వచ్చింది."

మామ తలగుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు.

"కొమ్ములకు ఇత్తడి కుప్పెలుండాయి, చిలకలు చెక్కినవి. నేను ఎవుర్నీ ఏమీ అన్ను. కొట్లాటకు రాలేదు. ఉంటే ఇయ్యప్పా, కట్టుకోని పోతా. లేదంటే లేదని చెప్పు."

"ఈడే కూచో ఓబులయ్యా. నేను చూసొస్తా," అని మామ లోపలికి పోయాడు. నేను సద్దిబుట్ట పెట్టుకుని ఓబులయ్యకు కొంచెం దూరంలో కూర్చున్నాను. ఎండ బాగా ఉంది. తాగడానికి నీళ్లిస్తే పుచ్చుకుని, తాగకుండా ముంత చేత్తో పట్టుకునే ఉన్నాడు. చాలాసేపటికి మామ గోనెమూట ఒకటి భుజాన వేసుకుని పాయ దాటి వచ్చాడు. మూట దించి విప్పాడు. పైనే రెండు కొమ్ములు, చిలకల కుప్పెలతో. ఓబులయ్య వాటిని రెండు చేతుల్లోకి తీసుకుని గుండెకు అదుముకుని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అట్లా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. మామ కాళ్లు పట్టుకోబోతే మామ వెనక్కి జరిగి, "వద్దప్పా, వద్దు" అన్నాడు. మంచి పని చేసిన మనిషి సిగ్గుపడుతున్నాడని నేను అనుకున్నాను.

ఆ ఏడు పంట నూర్చగానే ఓబులయ్య మా ఇంటికి జొన్నలు పంపాడు. ఆ చేను పంటలో మొదటి కొలత. "నా ఎద్దును నాకిచ్చిన ఇంటికి పోకుండా నా గాదెలో గింజ పడదు" అని బండి తోలినవాడితో చెప్పి పంపాడు. తెల్లటి ముత్యాల్లాంటి జొన్నలు. అత్త సంబరంగా విసిరించి రొట్టెలు చేసి, వాటిలోకి చెనిక్కాయల ఊరిమిండి నూరింది. మామ తట్ట ముందు కూర్చుని, రొట్టె తుంచి, మళ్లీ పెట్టేశాడు. కడుపులో బాగాలేదన్నాడు. మరుసటి రోజూ బాగాలేదు. రాగిసంగటి అయితే తినేవాడు, జొన్నరొట్టె అయితే లేచిపోయేవాడు. పై ఏడు మళ్లీ జొన్నలొచ్చాయి, మళ్లీ అంతే. అత్త చివరికి అడిగింది, అడిగితే చెప్పాడు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను, నన్ను లేచిపొమ్మని అనలేదు.

ఆ రోజు పొద్దున ఆ బండిలో వచ్చిన ఎముకలు ఎప్పుడో పూడ్చినవి, కొవ్వు లేనివి, ఎండినవి. అందుకని ఉడకబెట్టకుండా నేరుగా మిషన్లో వేసేశారు. కొమ్ములు మాత్రం వేరే గుట్టలోకి పోయాయి. ఓబులయ్య వచ్చేసరికి కొమ్ములే మిగిలాయి. మామ ఆ గుట్టలో చిలకల కుప్పెలు చూసి, వెనక్కి తిరిగి మిషన్ కింద పొడి చూసి, ఆ మాట ఓబులయ్యకు చెప్పడానికి నోరు రాక, ఆరబోసిన వాటిలోంచి అంత పొడుగే ఉన్న ఇంకో ఎద్దు ఎముకలు ఏరి మూటకట్టాడు. పైన నిజం కొమ్ములు పెట్టాడు. ఆ కొమ్ములే ఆయన్ని నమ్మించాయి.

"చెప్పబాక," అంది అత్త. "ఆ ముసలాయప్ప నెమ్మదిగా ఉండాడు. ఇప్పుడు చెప్పి ఆయన నెమ్మది చెడగొట్టి నువ్వేం బాగుపడతావు?"

"నాకు తిండి పోవడంలేదే."

"నీకు తిండి పోవాలని ఆయన కడుపు మాడుస్తావా?"

నేను అప్పుడు మనసులో మామ పక్షమే ఉన్నాను. నిజం చెప్పేస్తే అయిపోతుంది కదా అనుకునే వయసు నాది. అయినా జొన్నరొట్టె నేనూ తిన్నాను, అత్తా తింది. మామ ముందు తినడానికి మొహం చెల్లక, ఆయన బయటికి పోయాక తినేవాళ్లం. ఏ ఇంట్లోనైనా అన్నం దొంగతనంగా తింటారా చెప్పండి.

ఆ తర్వాత ఏరువాక పున్నమికి ఓబులయ్య మనిషిని పంపాడు, ఇంటోళ్లందరూ రావాలని. పోయాం. ఎద్దులకు కొమ్ములు రంగులేసి, మెడలో గంటలు కట్టి చేలో నిలబెట్టాడు. ఆ మూటను తిరిగి పూడ్చిన చోట కొత్తగా అరుగు కట్టించాడు. అన్నం, ఓళిగలు, అంతా సిద్ధం. పసుపు కుంకుమ తట్ట తెచ్చి మామ చేతికిచ్చి, "నా చెయ్యి కంటే నీ చెయ్యే ముందు పడాల. దాన్ని ఈడికి తెచ్చింది నువ్వు" అన్నాడు. మామ ఆ తట్ట పట్టుకుని నిలబడ్డాడు. అత్త కళ్లతోనే వద్దంది. మామ తట్ట కింద పెట్టేశాడు.

"ఓబులయ్యా, ఇది నీ ఎద్దు కాదు."

ఓబులయ్యకు అర్థం కాలేదు. నవ్వాడు కూడా. మామ అంతా చెప్పాడు, తల వంచుకుని, ఏమీ దాచకుండా. ఓబులయ్య భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మరి నా పుల్లోడు?"

"పొడైపోయి రైలెక్కినాదప్పా. నువ్వు వచ్చేతలికే మిషన్లో పడిపోయింది."

ఓబులయ్య అరుగు మీద కూలబడ్డాడు. కూర్చున్నవాడు ఏదో తట్టినట్టు వెంటనే లేచాడు. ఆ అరుగు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆయన తిడతాడని, కొడతాడని నేను భయపడుతున్నాను. ఆయన అడిగింది ఒకటే మాట.

"అయితే ఈడుండేది ఎవురి ఎద్దు?"

మామ ఈ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. ఇన్నేళ్లు తిండి మానుకున్న మనిషికి కూడా ఆ ఆలోచన ఒక్కసారీ రాలేదు. మాకెవ్వరికీ రాలేదు. "తెలీదప్పా. ఆ ఆరబోత వేంపల్లె దిక్కు బండ్లది, కరువునాటి గొడ్లవి. అంతవరకే తెలుసు" అన్నాడు. ఓబులయ్య మామ కింద పెట్టిన తట్ట ఎత్తి భార్య చేతికిచ్చాడు. కాసేపటికి, "అన్నం చల్లారిపోతాంది, కూర్చోండి" అన్నాడు. విస్తళ్లు వేయించి మాకు తన చేత్తోనే వడ్డించాడు. తినకుండా లేవలేం, తినలేం. ఆ ఓళిగల తీపి ఇప్పటికీ నాకు పడదు. ఆయన మాత్రం ఆ రోజు ముద్ద ముట్టలేదని తర్వాత తెలిసింది. మామకు తిండి సయించడం మొదలైంది, ఓబులయ్యకు సయించకుండా పోయింది. అత్త అన్నమాటే నిజమైంది, దాన్ని ఆమె మళ్లీ ఎత్తలేదు.

కొద్దిరోజులకు ఓబులయ్య మా ఇంటికి వచ్చాడు. పై పంచెలో ఏదో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. పందిరి కింద మంచం మీద కూర్చుని విప్పాడు. ఎద్దు ముందుకాలి ఎముక. నడుమ ఒకచోట లావుగా ముడికట్టి ఉంది.

"గుంత తీసి చూసినా ఉసేనప్పా. ఇది ఎప్పుడో ఇరిగి అతుక్కున్న కాలు. నా పుల్లోడి కాలు ఎప్పుడూ ఇరగలేదు. నేను ఆ పొద్దే ఇప్పి చూసింటే తెలిసిపోయేది, చూల్లా." ఎముక మీద ఆ ముడిని బొటనవేలితో రుద్దాడు. "కాలు ఇరిగిన ఎద్దును ఎవుడైనా కోతకు అమ్ముతాడు గానీ కట్టుకట్టి నిలబెడతాడా? దీన్ని ఎవురో బాగా సాకినారప్పా. వాళ్లకు ఇయ్యొద్దా?"

నాకు అప్పుడు నెలలు నిండుతున్నాయి, కాన్పుకు పులివెందులకు పంపాలి. మా ఆయనకు జిన్నింగు మిల్లులో సెలవు దొరకలేదు, మామే తోడు వస్తానన్నాడు. వేంపల్లె దారిలోనే. అట్లా ముగ్గురం బయల్దేరాం. ప్రొద్దుటూరులో బస్సెక్కినప్పుడు ఆ మూట ఏందని కండక్టరు అడిగితే, ఓబులయ్య "మా మనిషిది" అన్నాడు. అతను ఏమనుకున్నాడో, ఇంక అడగలేదు.

వేంపల్లెలో దిగి చుట్టుపక్కల ఊళ్లు తిరిగాం. నన్ను ఎవరింటి అరుగు మీదో కూర్చోబెట్టి వాళ్లిద్దరూ ఇల్లిల్లూ పోయి అడిగేవాళ్లు. కరువులో పోయిన ఎద్దు, ముందుకాలు విరిగి అతుక్కున్నది, మీదేనా అని. నేను కూర్చున్న చోటికి వాళ్ల మాటలు వినపడేవి. ఎవరిని అడిగినా ఒకటే జవాబు. "మాదేందప్పా? మాయన్నీ చేన్లోనే పూడ్చినాం." ఒక ముసలామె అయితే కోపం తెచ్చుకుని, "మేం బొమికలు అమ్ముకునేటోళ్లలాగ కనపడతాండామా?" అని తలుపు వేసింది. ఊరికి ఊరే పూడ్చామంది. అందరూ పూడ్చి ఉంటే మా తిప్ప మీద ఆ కొండలు ఎక్కణ్ణించి వచ్చినట్టు? మా ఇంట్లో ఆ పప్పు ఎట్లా ఉడికినట్టు? కరువులో బిడ్డలకు గంజి లేక, పూడ్చడానికి గుంత తవ్వే ఓపిక లేక, బండివాడికి ఇచ్చేసి మొహం అటు తిప్పుకున్న వాళ్లే అందరూ. వాళ్లు మర్చిపోదామని కప్పెట్టుకున్నదాన్ని మేం ఇల్లిల్లూ తిరిగి తవ్వుతున్నాం. గుంతలు తవ్వినవాళ్లకూ మాకూ తేడా ఏముందని నాకు ఆ అరుగు మీదే అనిపించింది. మామకు చెప్పలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లలో ఇంటికొక ట్రాక్టరు. కొట్టాల్లో మోటారు సైకిళ్లు నిలబెట్టుకుంటున్నారు. ఎద్దు చస్తే ఏం చేయాలన్న బాధ ఎవరికీ లేదు. పోయినేడు మా ఎదురింటివాళ్ల ట్రాక్టరు పాడైతే పాత ఇనుము కొనేవాడికి వేసేసి టీ తాగారు. హాయిగా ఉంది కదా అని నాకే అనిపిస్తుంది. ఇంకోసారి, ఇంత హాయిగా ఎట్లా ఉంటున్నామా అని కూడా అనిపిస్తుంది. ఏది నయమో తేల్చమంటే నా వల్ల కాదు.

పొద్దు వాలుతుండగా చివరి ఊరి చివరి ఇంటికి పోయాం. అక్కడ అరుగు లేక నేనూ వాళ్లతోనే ఉన్నాను. నడివయసు మనిషి ఒకాయన వాకిట్లో కూర్చుని పగ్గం పేనుతున్నాడు. భార్య పక్కనే చేట పట్టుకుని ఉంది. కొట్టంలో ఎద్దులు లేవు, రెండు మేకలున్నాయి. ఓబులయ్య అప్పటికి అలిసిపోయి, మిగతాది పూడ్చిపెట్టినామని మాత్రం చెప్పి పంచె విప్పి ఎముక చూపించాడు. పేనుతున్న చెయ్యి ఆగింది. భార్య చేట అక్కడే పెట్టి లోపలికి పోయింది.

"మాది కాదు," అన్నాడు ఆయన. మళ్లీ పగ్గం పట్టుకున్నాడు. పురి తప్పుగా తిరుగుతోంది, ఆయన చూసుకోవడం లేదు.

ఓబులయ్య మళ్లీ అడగలేదు. ఎముకను చుట్టుకుని, "సరేప్పా" అన్నాడు. మేం బస్సు రోడ్డు వైపు నడిచాం. నేను మెల్లగా నడుస్తుంటే మామ ఆగి ఆగి నడుస్తున్నాడు. ఊరు దాటి కంపచెట్ల దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి అడుగుల చప్పుడైంది. ఆయనే. చొక్కా లేదు, భుజాన తుండు ఉంది, పరుగున వచ్చినట్టున్నాడు. మా ముందుకు వచ్చి నిలబడ్డాడు కానీ మా ఎవ్వరి మొహమూ చూడలేదు. మూట వైపు అసలే చూడలేదు. రోడ్డు మీద రాళ్లు చూస్తూ అడిగాడు.

"యాడ పూడ్చినారు?"

మామ ఏదో అనబోయాడు. ఓబులయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. ఎవరిదని అడగలేదు, నీదేనా అనలేదు. చాపాడు దగ్గర బస్సు దిగాక కాలవ వెంబడి ఎటు తిరగాలో, ఏ గట్టు దాటితే తన బావి కనపడుతుందో, అరుగు ఏ మూల ఉందో, దారి తెలియని చుట్టానికి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. ఆ మనిషి ఒక్కొక్క గుర్తుకూ తల ఊపుతూ విన్నాడు. కాలవ దాటాక ఎడమకా కుడికా అని ఒకసారి ఆపి అడిగాడు. ఎడమకు అన్నాడు ఓబులయ్య.